రోబ్లాక్స్, సెకండ్ లైఫ్, మైన్‌క్రాఫ్ట్... ఈ లోకాల్లో బాగేంటి, బెడదేంటి?

శిరీష_బెజవాడ | శనివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా బాబుకి పదకొండేళ్ళు. బడి నుంచి రాగానే బ్యాగు సోఫా మీద పారేసి ట్యాబ్ అందుకుంటాడు. రోబ్లాక్స్! మొదట్లో మామూలు ఆటేలే అనుకున్నాను. ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే అందులో గెలవడం, ఓడటం ఏమీ కనపడలేదు. వాడికక్కడ ఒక ఇల్లుంది, ఇంట్లో పెంపుడు జంతువులున్నాయి, ఫిలిప్పీన్స్‌లో ఉంటానని చెప్పుకునే స్నేహితుడొకడున్నాడు. మొన్న అన్నం దగ్గర కూర్చుంటే ముద్ద దిగడం లేదు. ఏమైందిరా అంటే "నా డ్రాగన్‌ని ఒకడు మోసం చేసి తీసేసుకున్నాడమ్మా" అని ఏడుపు.

వాళ్ళ నాన్నగారు మస్కట్‌లో ఉంటారు. "ట్యాబ్ బీరువాలో పెట్టి తాళం వెయ్యి, నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాడు" అంటారు. మా మరిదేమో "వదినా, రేపటి రోజుల్లో ఆఫీసులూ బజార్లూ అన్నీ అందులోనే" అంటాడు. ఇద్దరి మాటా నాకు పూర్తిగా ఎక్కలేదు. ఇలాంటి చోట్ల నిజంగా తిరిగినవాళ్ళు ఉంటే చెప్పండి. పేపర్లో చదివింది వద్దు.

పాతచెరువు | శనివారం, రాత్రి 10:31

అక్కా, బావ చెప్పిందే కరెక్టు. తాళం వెయ్యండి. మా అక్క కొడుకు ఇట్లనే మొదలుపెట్టాడు. ఇంటర్‌కి వచ్చేసరికి పొద్దంతా నిద్ర, రాత్రంతా హెడ్‌ఫోన్స్. ఇంటికి చుట్టాలొస్తే గది తలుపు తియ్యడు. లేని ఊళ్ళో ఇల్లు కట్టుకునుడేంది, ఉన్న ఇంట్లో మనిషి కనపడకపోవుడేంది? లాభాలు చెప్పేటోళ్ళు ఇప్పుడు వరుసగా వస్తారు చూడండి. వాళ్ళంతా సాఫ్ట్‌వేరోళ్ళే ఉంటారు.

డల్లాస్_మూర్తి | శనివారం, రాత్రి 11:48

పాతచెరువు గారూ, నేను సాఫ్ట్‌వేర్ కాదు, సివిల్ ఇంజనీర్‌గా రిటైరయ్యాను. కాబట్టి వరుసలో మొదటివాణ్ణి నేనే.

సెకండ్ లైఫ్‌లో నేను 2006 నుంచి ఉన్నాను. ఇప్పటి పిల్లలకి ఆ పేరే తెలియదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ, ఫిలిప్ రోజ్‌డేల్ అనే ఆయన ఆధ్వర్యంలో, 2003 జూన్‌లో తెరిచిన లోకం అది. పాయింట్లు లేవు, లెవెల్స్ లేవు. ఖాళీ నేల ఉంటుంది, ఏం కట్టుకుంటావో నీ ఇష్టం. ఎగరొచ్చు కూడా. అందులో చెలామణి అయ్యేది లిండెన్ డాలర్. నిజం డాలరుకి రెండు వందల యాభై పైచిలుకు వస్తాయి, మళ్ళీ వెనక్కి మార్చుకోవచ్చు. అసలు రుచంతా ఆ మార్చుకోవడంలోనే ఉంది. రోగం కూడా అక్కడే.

2006 మేలో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా ఒక అవతార్‌ని, అంటే ఆ లోకంలో మనకి మారుగా తిరిగే బొమ్మని, వేసింది. పేరు ఆన్షీ చంగ్. జర్మనీలో ఉండే ఒక చైనా అమ్మాయి ఆ పేరుతో అందులో పెద్ద పెద్ద స్థలాలు తీసుకుని, చదును చేసి, ముక్కలుగా అమ్మి, అద్దెకిచ్చి సంపాదించింది. మన ఊరి బయట వెంచర్లు వేసేవాళ్ళు చేసేదే, కాకపోతే సరిహద్దు రాళ్ళు పాతే పని లేదు. ఆ ఏడాది చివర్లో తన ఆస్తి పది లక్షల డాలర్లు దాటిందని ప్రకటించుకుంది. ఇంకేముంది, అందరూ పరిగెత్తుకొచ్చారు. రాయిటర్స్ వార్తా సంస్థ అందులో ఆఫీసు పెట్టింది. 2007లో మాల్దీవులు, ఆ వెంటనే స్వీడన్ రాయబార కార్యాలయాలు తెరిచాయి. స్వీడన్ వాళ్ళ భవనానికి నేనూ వెళ్ళాను. చాలా బాగుంది. నేను తప్ప పురుగు లేదు.

అదే కాలంలో గింకో ఫైనాన్షియల్ అని ఒక 'బ్యాంకు' ఉండేది, సెకండ్ లైఫ్ లోపల. నమ్మశక్యం కాని వడ్డీ ఇస్తానంటే జనం లిండెన్ డాలర్లు తెచ్చి పోశారు. 2007 జులైలో కంపెనీ జూదాన్ని నిషేధించింది. భయపడి అందరూ ఒకేసారి డబ్బు వెనక్కి అడిగారు. ఆగస్టుకల్లా గింకో మూసేశారు. డిపాజిట్లకి హామీ లేదు, ఫిర్యాదు చేయడానికి స్టేషన్ లేదు. 2008 జనవరిలో గానీ అక్కడ 'బ్యాంకులు' పెట్టకూడదని నియమం రాలేదు.

శిరీష గారూ, మీవాడి డ్రాగన్ లేనిదని మీరు అనుకుంటున్నారు. పోయినప్పుడు వచ్చే బాధ మాత్రం ఉన్నదే కదా. ముందు అది ఒప్పుకుని అక్కడి నుంచి మాట్లాడితే పని జరుగుతుంది.

ఇనుపకొట్టు | ఆదివారం, ఉదయం 7:05

గుడ్ మార్నింగ్. గాజువాక నుంచి.

నేను ఈవ్ ఆన్‌లైన్ ఆడతాను. ఐస్‌లాండ్ కంపెనీ సీసీపీది, ఇదీ 2003దే. అంతరిక్షం, ఓడలు, గనులు, మార్కెట్. నచ్చని సంగతి ముందే చెప్తాను: ఎక్సెల్ షీట్ల ముందు కూర్చున్నట్టే ఉంటుందని మా ఆవిడ నవ్వుతుంది, అందులో అబద్ధం లేదు.

కానీ ఆ మార్కెట్లో దాదాపు ప్రతి ఓడా ఎవరో ఒక ఆటగాడు తవ్విన ఖనిజంతో, ఇంకొకడు తయారుచేసినదే. 2007లో ఆ కంపెనీ ఒక ఆర్థికశాస్త్రవేత్తని ఉద్యోగంలోకి తీసుకుంది, లోపలి ధరలూ ద్రవ్యోల్బణం చూసుకోవడానికి. 2014 జనవరి 27న జరిగిన యుద్ధం గురించి వినే ఉంటారు. బీ-ఆర్5ఆర్‌బీ అనే నక్షత్ర మండలం మీద హక్కు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన బిల్లు ఒక కూటమి కట్టలేదు. గడువు దాటింది, హక్కు జారిపోయింది, అవతలి కూటమి వచ్చి పడింది. దాదాపు 21 గంటలు కొట్టుకున్నారు. ఏడువేల ఐదొందల మందికి పైగా పాల్గొన్నారు. సర్వర్ తట్టుకోలేక లోపలి కాలాన్నే నెమ్మది చేసేసింది, తుపాకీ పేల్చాలంటే నిమిషాలు పట్టేది. టైటాన్లనే పెద్ద ఓడలు 75 పోయాయి. మొత్తం నష్టం మూడు లక్షల డాలర్ల దాకా అని కంపెనీయే లెక్క కట్టింది.

ఒక బిల్లు కట్టడం మర్చిపోయినందుకండీ!

నాకు లాభం ఏంటంటే, ఏడెనిమిది దేశాల వాళ్ళతో కలిసి పనిచేయడం అలవాటైంది. గొడవపడకుండా కాదు, గొడవపడి మళ్ళీ కలిసి. నా ఇంగ్లీషు భయం పోయింది అక్కడే. నష్టం: దాడి ఎప్పుడూ మనకి అర్ధరాత్రే, ఎందుకంటే యూరప్ వాళ్ళకి అది సాయంత్రం. పొద్దున్నే ఏ-షిఫ్ట్ ఉన్నప్పుడు నిద్ర లేకుండా డ్యూటీకి వెళ్ళిన రోజులున్నాయి. ఫర్నేస్ దగ్గర అది తమాషా కాదు. ఇప్పుడు శని, ఆదివారాలు మాత్రమే.

పాతచెరువు | ఆదివారం, ఉదయం 9:20

చూశారా, ఆయనే చెప్తున్నాడు నిద్ర లేకుండా డ్యూటీకి పోయినా అని. పెళ్ళాం ఉన్న మనిషికే ఆగలేదు, పదకొండేళ్ళ పిలగాడికి ఆగుతదా?

ఇనుపకొట్టు | ఆదివారం, ఉదయం 9:24

అన్నా, పెళ్ళాం ఉండబట్టే ఆగింది 😄

నాలుగుచక్రాలు | ఆదివారం, మధ్యాహ్నం 1:40

రాజమండ్రి నుంచి. నాది వెన్నుపూస గాయం, వీల్‌చైర్‌లో ఉంటాను. ఇక్కడ కొత్త, తప్పుగా అనుకోకండి.

మంచి చెడులు తూకం వేసేవాళ్ళంతా మెట్లెక్కగలిగినవాళ్ళే. మా వీధిలో లైబ్రరీకి తొమ్మిది మెట్లు, ర్యాంపు లేదు. సినిమా హాల్లో వెనక నుంచి ఎత్తుకుని తీసుకెళ్తారు, దారిపొడుగునా అందరూ చూస్తారు. వీఆర్‌చాట్ అని, నచ్చిన బొమ్మ రూపంలో జనాన్ని కలిసి మాట్లాడుకునే లోకం ఉంది. అందులో నేను ఒక నక్కని. అవును, నక్క. నన్ను చూడగానే ఎవరూ "అయ్యో, ఎలా జరిగిందమ్మా?" అని అడగరు. జోక్ బాగుంటే నవ్వుతారు, బాగోకపోతే వెళ్ళిపోతారు. జాలి లేకుండా నా మీద ఒకరు విసుక్కోవడం ఎంత బాగుంటుందో మీకు చెప్పినా అర్థం కాదేమో.

నార్వేలో మాట్స్ స్టీన్ అనే కుర్రాడుండేవాడు. కండరాలు క్షీణించే డ్యూషెన్ జబ్బు. ఎక్కువ సమయం వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటలోనే, ఇబెలిన్ అనే పేరుతో. మా అబ్బాయి ఎవరితోనూ కలవకుండా ఒంటరిగా బతుకుతున్నాడని అమ్మానాన్నలు దిగులుపడేవారు. 2014 నవంబరులో, 25 ఏళ్ళకి చనిపోయాడు. అతని బ్లాగులో వాళ్ళు ఆ కబురు పెట్టాక ఉత్తరాలు రావడం మొదలయ్యాయి. ఒకరి కాపురం నిలబెట్టాడట, ఒకరు తమ కొడుకుతో మాట కలిపేలా చేశాడట. అంత్యక్రియలకి వేరే దేశాల నుంచి కూడా వచ్చారు. పక్కగదిలో కొడుక్కి అంతమంది ఉన్నారని ఆ తల్లిదండ్రులకి అప్పుడు తెలిసింది.

నేను చెప్పేది పిల్లల గురించి కాదు, శిరీష గారి ప్రశ్నకి జవాబూ కాదు. "లేని ఊరు" అన్నారు కదా ఒకరు, దానికి.

పాతచెరువు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

చెల్లెమ్మా, మీ సంగతి వేరే. మీకు నేను ఏమీ చెప్పను. కానీ నడవగలిగే పిలగాడు నడవకుండా కూసుంటున్నాడు. నా బాధ అది.

వెన్నెల_కె | ఆదివారం, సాయంత్రం 5:52

హైదరాబాద్‌లో గేమ్ టెస్టర్‌ని. డ్రాగన్ ఎలా పోయి ఉంటుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి ముందు అదే.

శిరీష గారూ, మీ బాబు ఆడేది 'అడాప్ట్ మీ' అయ్యుంటుంది. రోబ్లాక్స్ అంటే ఒక ఆట కాదు, జనం తయారుచేసిన లక్షల ఆటలుండే సంత. అందులో ఇదొకటి. గుడ్లు కొంటారు, పొదుగుతారు, పిల్లలు బయటికొస్తాయి, పెంచుతారు, మార్పిడి చేసుకుంటారు. మార్పిడికి రెండు వైపులా పెట్టెలుండే తెర ఉంటుంది. ఇద్దరూ తమవి పెట్టి, ఇద్దరూ ఒప్పుకుంటేనే చేతులు మారతాయి. మోసగాడు ఏం చేస్తాడంటే "నా పెట్టెలో చోటు లేదు, ముందు నువ్వు నీ డ్రాగన్ ఇచ్చెయ్, తర్వాతి మార్పిడిలో నేను రెండిస్తా" అంటాడు. దీన్నే 'ట్రస్ట్ ట్రేడ్' అంటారు. ఇచ్చిన మరుక్షణం వాడు సర్వర్ వదిలేసి పోతాడు. ఇంకొక రకం, ఒప్పుకునే చివరి క్షణంలో పెట్టెలో వస్తువు మార్చేయడం. ఒక ఆకుపచ్చ బొమ్మ తీసి, చూడటానికి అలాగే ఉండే చవక బొమ్మ పెడతాడు. తొందరపెడుతూ ఉంటాడు, "త్వరగా, అమ్మ పిలుస్తోంది" అని. ఆడేది పెద్దవాడైనా అదే డైలాగు.

బాబుని తిట్టకండి. ఏ తెర మీద, ఏం నొక్కాడో మీకు చూపించమనండి. పదకొండేళ్ళకి ఈ పాఠం ఒక డ్రాగన్‌తో అయిపోయింది. ఇరవై ఐదేళ్ళకి ఓటీపీతో అయ్యేవాళ్ళని చూస్తూనే ఉన్నాం. 'ఫ్రీ రోబక్స్' (రోబక్స్ అంటే రోబ్లాక్స్‌లో చెలామణి అయ్యే డబ్బు) అని ఎవరు లింకు పంపినా అది పాస్‌వర్డ్ కొట్టేయడానికే, అందులో మినహాయింపు లేదు.

ఇక రోబక్స్ లెక్క. యాప్‌లో 400 రోబక్స్‌కి దాదాపు 5 డాలర్ల ధర. అదే 400 రోబక్స్ ఆట తయారుచేసిన పిల్లవాడు సంపాదించి డబ్బుగా మార్చుకుంటే వచ్చేది డాలరున్నర దగ్గర. అదీ కనీసం 30,000 రోబక్స్ పోగైతేనే, వయసు పదమూడు దాటితేనే. "రేపు ఆఫీసులూ బజార్లూ అన్నీ అందులోనే" అనే మీ మరిదిగారికి ఈ లెక్క చూపించండి. సంపాదించేవాళ్ళు ఉన్నారు, నిజమే. ఎక్కువమంది కంపెనీకి ఉచితంగా ఆటలు తయారుచేసి పెడుతున్నారు. అయినా ల్యువా భాషలో కోడ్ రాయడం నేర్చుకుని మా టీమ్‌లోకి వచ్చిన కుర్రాడొకడున్నాడు, మొదలుపెట్టింది రోబ్లాక్స్‌లోనే. అది లాభం కాదని నేననలేను.

అపరిచితులతో చాట్ మాత్రం కట్టేయండి. తల్లిదండ్రుల ఖాతా లింక్ చేస్తే నెలకి ఖర్చు పరిమితి, రోజుకి సమయ పరిమితి పెట్టుకోవచ్చు. చాట్ వాడాలంటే ముఖం చూపించి వయసు అంచనా వేయించుకోవాలని ఆ కంపెనీ ఈమధ్యే నియమం తెచ్చింది, పిల్లల భద్రత మీద కేసులూ విమర్శలూ పెరిగాక. టర్కీ అయితే 2024 ఆగస్టులో రోబ్లాక్స్‌ని మొత్తంగా ఆపేసింది.

శిరీష_బెజవాడ | ఆదివారం, రాత్రి 8:30

వెన్నెల గారూ, అచ్చు అదే! "త్వరగా, త్వరగా" అన్నాడట. మీరు అక్కడే ఉండి చూసినట్టు చెప్పారు. చాట్ ఇప్పుడే కట్టేశాను. అలిగాడు, అలగనీ. ఖర్చు పరిమితి సున్నా పెట్టొచ్చా?

వెన్నెల_కె | ఆదివారం, రాత్రి 8:41

పెట్టొచ్చు. దాంతోపాటు ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఫోన్లో యూపీఐ పిన్ వాడికి తెలుసేమో కూడా చూసుకోండి. తెలిసే ఉంటుంది.

శిరీష_బెజవాడ | ఆదివారం, రాత్రి 8:55

తెలుసు 🤦‍♀️ మార్చాను.

పంతులు_తెనాలి | ఆదివారం, రాత్రి 9:37

చర్చ మంచి రసపట్టులో ఉంది. పక్కదారి అయినా ఒకటి అడుగుతాను. 2022 ఫిబ్రవరిలో తమిళనాడులో ఒక జంట పెళ్ళి ఊళ్ళో చేసుకుని రిసెప్షన్ మెటావర్స్‌లో, అంటే ఇలాంటి కంప్యూటర్ లోకంలోనే, పెట్టుకున్నారు. కోవిడ్ ఆంక్షల రోజులు. అమ్మాయి తండ్రి అంతకుముందే పోయారు. ఆయన రూపంలో ఒక అవతార్ చేయించి, దీవిస్తున్నట్టు నిలబెట్టారు. పేపర్లన్నిట్లో వచ్చింది. నాకు ఆ దీవెన సంగతి చదివినప్పుడు గొంతు పట్టేసింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఆ బొమ్మని ఆడించేది ఎవరు? రేపు ఆ కంపెనీ "మీ నాన్నగారిని ఉంచాలంటే నెలకింత" అంటే?

భోజనాల మాట సరే. విస్తరి ముందు కూర్చునే వీల్లేని రిసెప్షన్‌ని నేను రిసెప్షన్ అనను.

నాలుగుచక్రాలు | ఆదివారం, రాత్రి 9:50

మాస్టారూ, మా పిన్ని కూతురి పెళ్ళి కల్యాణ మండపం రెండో అంతస్తులో. లిఫ్ట్ పనిచేయలేదు. నేను కింద కారులో కూర్చుని వీడియో కాల్‌లో చూశాను. విస్తరి కారులోకి వచ్చింది.

పంతులు_తెనాలి | ఆదివారం, రాత్రి 9:58

మాట వెనక్కి తీసుకున్నానమ్మా. రిసెప్షనే.

డా_సుధ | సోమవారం, ఉదయం 6:40

డ్యూటీకి వెళ్ళే ముందు రెండు ముక్కలు. 'వ్యసనం' అనే మాట ఊరికే వాడేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గేమింగ్ డిజార్డర్ ఉంది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. అందులో ఇన్ని గంటలు ఆడితే జబ్బు అని ఎక్కడా లేదు. ఆపుకోలేకపోవడం, మిగతా అన్నిటికంటే అదే ముఖ్యమైపోవడం, చదువో ఒళ్ళో సంబంధాలో పాడవుతున్నాయని తెలిసినా మానకపోవడం... ఇవి మామూలుగా ఏడాదిపాటు కనపడాలి. డ్రాగన్ పోయిందని ఒక పూట అన్నం మానేయడం జబ్బు కాదు. పాతచెరువు గారూ, మీ మేనల్లుడి సంగతి మాత్రం చూపించాల్సిన వ్యవహారంలా ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి దీనికోసమే షట్ క్లినిక్ ఉంది. అంతదూరం వెళ్ళలేకపోతే మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొకటి, నా సబ్జెక్టు కాబట్టి ఆగలేను. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక 'అంటురోగం' పుట్టింది. జుల్‌గురుబ్ అనే చోట హక్కార్ అనే రాక్షసుడితో పోరాడేటప్పుడు మాత్రమే తగలాల్సిన శాపం. వేటగాళ్ళ పెంపుడు జంతువులు దాన్ని అంటించుకుని నగరాలకి మోసుకొచ్చాయి. బలం తక్కువ ఉన్న పాత్రలు వచ్చినవి వచ్చినట్టు చచ్చి వీధుల్లో ఎముకలు పేరుకున్నాయి. కొందరు పారిపోయారు. వైద్యం చేసే పాత్రలవాళ్ళు కొందరు పనిగట్టుకుని వచ్చి సేవ చేశారు. చూద్దామని వచ్చి అంటించుకున్నవాళ్ళు కొందరు, కావాలని అంటించినవాళ్ళు ఇంకొందరు. క్వారంటైన్ పెడితే ఎవరూ లెక్కచేయలేదు. చివరికి కంపెనీ సర్వర్లు రీసెట్ చేయాల్సి వచ్చింది. 2007లో దీని మీద లాన్సెట్ ఇన్ఫెక్షస్ డిసీజెస్ పత్రికలో వ్యాసం వచ్చింది. 2020లో మా ఆసుపత్రి వరండాలో నిలబడి నాకు అదే గుర్తొచ్చింది. జంతువు ఒక్కటే మారింది.

పాతచెరువు | సోమవారం, ఉదయం 8:02

డాక్టర్ అమ్మా, నంబర్ రాసుకున్నా. అక్కకి చెప్తా.

రమణ_అనంత | సోమవారం, ఉదయం 11:15

ఇన్ని మాటలెందుకు? ప్రభుత్వం ఆన్‌లైన్ గేమింగ్ నిషేధించింది కదా పోయినేడాది?

ఇనుపకొట్టు | సోమవారం, ఉదయం 11:40

నిషేధించింది డబ్బు పందెం ఆటలని రమణ గారూ. 2025 ఆగస్టు చట్టం అది. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రాలో 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివి ఆపారు. రోబ్లాక్స్, మైన్‌క్రాఫ్ట్ అందులోకి రావు. చైనాలో మాత్రం 2021 నుంచి పద్దెనిమిది లోపు పిల్లలకి శుక్ర, శని, ఆదివారాల్లో, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకానే ఆట. కొరియా వాళ్ళు అర్ధరాత్రి తర్వాత పిల్లలు ఆడకూడదని 2011లో చట్టం చేసి, పదేళ్ళకి రద్దు చేశారు. అమ్మానాన్నల ఐడీతో లాగిన్ అయ్యే పిల్లాణ్ణి ఏ చట్టం పట్టుకుంటుంది?

మోడరేటర్ | సోమవారం, మధ్యాహ్నం 12:05

రమ్మీ, బెట్టింగ్ మీద వచ్చిన మరో ఆరు పోస్టులని వేరే చర్చలోకి మార్చాం. ఇక్కడ విషయం మీదే ఉండండి.

వెన్నెల_కె | సోమవారం, రాత్రి 10:20

ఒక చెడు ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు, మగవాళ్ళు ఎక్కువున్నందుకేమో.

కళ్ళకి కట్టుకునే వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని, జనం కలుసుకునే సోషల్ రూముల్లోకి వెళ్ళడం నా ఉద్యోగంలో భాగం. మైకులో ఆడగొంతు వినపడగానే ముగ్గురు నలుగురు చుట్టూ చేరతారు. బొమ్మ చేతులే, ఒంటికి తగలవు. కానీ తెర కళ్ళకి అతి దగ్గరగా ఉంటుంది, ఎదురుగా మొహం మొహానికి ఆనించి నిలబడతాడు. ఒళ్ళు జలదరించి నిజంగా వెనక్కి అడుగేసి కుర్చీకి తగిలాను ఒకసారి. మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) వాళ్ళ వీఆర్ లోకం హొరైజన్ వరల్డ్స్ 2021 డిసెంబరులో తెరిచారు, రెండు నెలలకే అవతార్ల మధ్య దాదాపు నాలుగడుగుల ఎడం ఉండేలా గీత గీయాల్సి వచ్చింది. తెరిచేముందు ఆ ఆలోచన ఎందుకు రాలేదో!

ఇది కొత్త సంగతి కూడా కాదు. బొమ్మలే లేని, అచ్చంగా అక్షరాలతో నడిచే లోకం ల్యాంబ్డామూలో 1993లో ఒకడు ఇతరుల పాత్రల చేత వాళ్ళ ప్రమేయం లేకుండా అసభ్యమైన పనులు చేయించాడు. బాధపడ్డవాళ్ళు బాధపడ్డారు, "అక్షరాలే కదా" అన్నవాళ్ళు అన్నారు. సభ పెట్టి చర్చించినా ఏమీ తేలలేదు. చివరికి నిర్వాహకుల్లో ఒకరు వాడి పాత్రని తీసేశారు. దాన్ని నడిపే పావెల్ కర్టిస్ ఆ తర్వాత అందరూ వినతులు పెట్టి ఓటేసే పద్ధతి తెచ్చాడు. ఇప్పటి పెద్ద కంపెనీల్లో ఓటూ లేదు, సభా లేదు. 'రిపోర్ట్' బటన్ ఉంది. నొక్కితే "మీ సమాచారానికి కృతజ్ఞతలు" అని వస్తుంది.

నాలుగుచక్రాలు | సోమవారం, రాత్రి 10:44

నక్క అవతార్ ఎందుకో ఇప్పుడు అర్థమైందా మరి? మైకు కూడా ఆపేసి ఉంచుతాను, తెలిసినవాళ్ళతో తప్ప.

బురుజుకింద_బాషా | మంగళవారం, ఉదయం 10:08

కర్నూలు నుంచి. మా పాప తొమ్మిదో తరగతి. దిమ్మలు పేర్చి కట్టుకునే ఆట మైన్‌క్రాఫ్ట్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి కొండారెడ్డి బురుజు కడుతోంది. సాయంత్రం నన్ను స్కూటర్ మీద తీసుకెళ్ళమని, గోడ మీద రాళ్ళ వరుసలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. నేను ఈ ఊళ్ళోనే పుట్టినా ఆ వరుసలు ఎప్పుడూ చూడలేదు. మరి ఇది లాభమో నష్టమో మీరే చెప్పండి.

నా సమస్య వేరే. వాళ్ళు కట్టేది ఒక అబ్బాయి అద్దెకి తీసుకున్న సర్వర్‌లో. అతను ఇంజనీరింగ్‌కి వెళ్ళిపోతున్నాడట, నెలాఖరుకి అద్దె ఆపేస్తాడట. అప్పుడు ఇదంతా పోతుందా?

డల్లాస్_మూర్తి | మంగళవారం, ఉదయం 11:30

బాషా గారూ, ఇక్కడ అర్ధరాత్రి. అయినా మీ ప్రశ్న చూశాక పడుకోలేకపోయాను. ఈ లోకాల మీద నాకున్న ఒకే ఒక్క పెద్ద ఫిర్యాదు ఇదే. అక్కడి స్నేహం నిజం, పని నిజం, డబ్బూ నిజం. నేల మాత్రం మనది కాదు. గూగుల్ వాళ్ళ లైవ్లీ 2008 జులైలో తెరిచి డిసెంబరు చివర మూసేశారు. పిల్లల క్లబ్ పెంగ్విన్‌ని డిస్నీ 2007లో 35 కోట్ల డాలర్లకి కొని, 2017 మార్చిలో మూసేసింది. మైక్రోసాఫ్ట్ ఆల్ట్‌స్పేస్ 2023 మార్చి 10న పోయింది.

సెకండ్ లైఫ్‌లో స్థలం కొన్నానన్న లాయరు ఒకాయన, బ్రాగ్, తన ఖాతా ఆపేశారని పెన్సిల్వేనియాలో కేసు వేశాడు. కంపెనీ నియమాల్లో గొడవలన్నీ మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు ఉంది. అది న్యాయంగా లేదని 2007లో కోర్టు దాన్ని పక్కన పెట్టింది. తర్వాత ఇద్దరూ రాజీపడ్డారు. అందుకని 'ఆ స్థలం అసలు ఎవరిది' అన్న ప్రశ్న తేలనేలేదు.

నాకక్కడ హంగేరీ మిత్రుడొకడు ఉండేవాడు. ఇద్దరం కలిసి ఒక వంతెన కట్టాం. ఒకరోజు నుంచి రావడం మానేశాడు. పోయాడో, విసుగొచ్చి వదిలేశాడో తెలియదు. పలకరించడానికి ఇంటి అడ్రసు లేదు, అసలు పేరూ తెలియదు. అద్దె కట్టడం ఆపేస్తే ఆ వంతెన కూడా పోతుందని కడుతూనే ఉన్నాను. మా అబ్బాయికి ఇది పిచ్చిలా కనిపిస్తుంది.

మీ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. మైన్‌క్రాఫ్ట్ సెకండ్ లైఫ్ లాంటిది కాదు, కట్టిందంతా ఒక ఫోల్డర్‌లో ఉంటుంది. ఆ అబ్బాయిని సర్వర్ కంట్రోల్ ప్యానెల్‌లోంచి 'వరల్డ్' ఫోల్డర్ డౌన్‌లోడ్ చేసి ఇమ్మనండి.

ఇనుపకొట్టు | మంగళవారం, ఉదయం 11:52

బాషా భాయ్, పాప దగ్గరున్నది కంప్యూటర్లో ఆడే జావా ఎడిషనా, ఫోన్లో ఆడేదా? జావా అయితే ఆ ఫోల్డర్‌ని మీ కంప్యూటర్లో మైన్‌క్రాఫ్ట్ 'సేవ్స్' ఫోల్డర్‌లో పడేస్తే చాలు, ఒక్కతే ఆడుకునే లోకంలా తెరుచుకుంటుంది. సర్వర్‌లో ఏవైనా ప్లగిన్లు (అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాములు) ఉంటే అవి మాత్రం రావు, గోడలు వస్తాయి. ఏ వెర్షన్‌లో కట్టారో అడిగి రాసుకోండి, అదే వెర్షన్‌లో తెరవండి. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ. నెలాఖరు దాకా ఆగొద్దు.

బురుజుకింద_బాషా | మంగళవారం, మధ్యాహ్నం 3:20

జావానే అంది. ఆ అబ్బాయికి ఫోన్ చేశాను, సాయంత్రం జిప్ చేసి డ్రైవ్‌లో పెడతానన్నాడు. పాప ఇప్పుడు ఇంకో గొడవ పెట్టింది. కాపీ నలుగురికీ ఉండాలట, ఒక్కళ్ళ దగ్గరే ఉంటే మళ్ళీ వాళ్ళ పెత్తనం అవుతుందట. నలుగురికీ నాలుగు పెన్‌డ్రైవ్‌లు కొనాలి. 32 జీబీ సరిపోతుందా?

ఇనుపకొట్టు | మంగళవారం, మధ్యాహ్నం 3:26

ధారాళంగా. 16 చాలు.